చేతికర్ర కాళ్లను చెడగొట్టదు

"ఇప్పుడే కర్ర పట్టుకోకండి, అలవాటైపోతుంది." డెబ్బై దాటిన మనిషి నడకలో తూలు మొదలైన మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఇది. ఇక వాకర్ సంగతి చెప్పనక్కర్లేదు. అది గుమ్మంలోకి వచ్చిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే లెక్క. కొడుకు కొని తెస్తే తల్లి నొచ్చుకుంటుంది. తండ్రి అడిగితే "మీకింకా అంత వయసేం మీదపడింది నాన్నా" అని కూతురు కొట్టిపారేస్తుంది. చూడవచ్చిన చుట్టం "అయ్యో, వాకర్ దాకా వచ్చిందా!" అని జాలిపడతాడు. ఈ మాటలన్నీ ప్రేమతో అన్నవే. కానీ ఈ మాటల వెనకున్న నమ్మకం తప్పు. పెద్దవాళ్ల ఎముకలు విరగడానికి దారితీసే తప్పు. అందుకే దీన్ని మర్యాదకోసం ఊరుకోకుండా ఖండించాలి.

ఆసరా దొరికితే కాళ్లు బద్ధకిస్తాయన్నది ఈ నమ్మకానికి పునాది. నిజానికి కాళ్లను నీరసపరిచేది కదలిక లేకపోవడం. 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లను 10 రోజుల పాటు మంచానికే పరిమితం చేసి చూశారు. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ల కాళ్లలో కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్ల పరిస్థితే అలా ఉంటే, కీళ్ల నొప్పులతో, షుగరుతో, పడతానేమోనన్న భయంతో నెలల తరబడి కుర్చీకి అతుక్కుపోయినవాళ్ల గతి ఏమిటి?

మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో గమనించండి. తూలు మొదలైన పెద్దాయన ముందు గుడికి వెళ్లడం మానేస్తాడు. తర్వాత వీధి చివర టీకొట్టు దగ్గర కబుర్లు ఆగిపోతాయి. ఆపైన మేడమెట్లు, పెరడు, వాకిలి ఒక్కొక్కటే దూరమవుతాయి. చివరికి మంచానికీ బాత్‌రూముకీ మధ్య ఉన్న నాలుగడుగుల మేరే ఆయనకు మిగులుతుంది. అడిగితే "ఓపిక లేదురా" అంటాడు. ఓపిక కంటే ముందు పోయింది ధైర్యం. చేతిలో కర్ర ఉంటే ఆయన గుడికి నడిచేవాడు. ఆ నడకే కాళ్లలో ఉన్న బలాన్ని నిలబెట్టేది. కర్ర పట్టుకున్నా నడిచేది కాళ్లే. అది బరువులో కొంత పంచుకుని నొప్పి తగ్గిస్తుంది. నొప్పి తగ్గినవాడు ఇంకో నాలుగడుగులు ఎక్కువ వేస్తాడు. చూపు మందగిస్తే కళ్లజోడు పెట్టుకుంటాం. కళ్లు బద్ధకిస్తాయని ఎవరూ దాన్ని మానుకోరు. కాళ్ల విషయంలో మాత్రం ఆ ఇంగితం ఎందుకు పనిచేయదు?

కర్ర ఒకసారి చేతపట్టుకుంటే ఇక వదలదన్నది రెండో వాదన. దీనికి జవాబు మన కళ్ల ముందే ఉంది. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇవాళ మన ఊళ్లలో లేని వీధి లేదు. ఆపరేషన్ అయిన రోజో మర్నాడో వాళ్లను వాకర్‌తో నిలబెట్టి నడిపిస్తారు. కొన్ని వారాలకు వాకర్ పోయి చేతికర్ర వస్తుంది. తర్వాత చాలామంది ఆ కర్రనూ పక్కన పెట్టేస్తారు. ఆసరా అలవాటుగా మారేదే అయితే వీళ్లంతా ఇప్పటికీ వాకర్ పట్టుకునే తిరుగుతూ ఉండాలి. అవసరం తీరినప్పుడు ఆసరా దానంతటదే పోతుంది. తీరని అవసరమైతే ఉంటుంది. ఉంటే తప్పేమిటి?

కర్ర పట్టుకోవాలంటే కలిగే సిగ్గు కూడా మన పాత ఆస్తేమీ కాదు. గొర్రెల కాపరి భుజాన, పొలం గట్టు మీద రైతు చేతిలో, రచ్చబండ దగ్గర ఊరిపెద్ద పక్కన కర్ర ఉండేది. ఎవరూ దాన్ని నీరసానికి గుర్తుగా చూడలేదు. 1930లో గాంధీజీ అరవై ఏళ్ల వయసులో సబర్మతి నుంచి దండి దాకా సుమారు 385 కిలోమీటర్లు నడిచింది వెదురుకర్ర చేతపట్టుకునే. చక్రాలూ బ్రేకులూ ఉన్న రోలేటర్ వాకర్‌ను 1978లో రూపొందించిన స్వీడన్ మహిళ ఐనా విఫాల్క్ స్వయంగా పోలియో బాధితురాలు. నడక కష్టమైన మనిషి ఇంట్లో కూర్చోవడానికి ఒప్పుకోక కనిపెట్టిన వస్తువు అది. దాన్ని మనం ఓటమికి గుర్తుగా చూడటం అన్యాయం.

ఇక మూడో వాదన, అన్నిటికంటే ప్రమాదకరమైనది: "ఇంట్లోనేగా, గోడ పట్టుకుని నడిస్తే చాలు." గోడ పట్టుకునే మనిషికి ఆసరా కావాలని ఆయన చేయి ముందే చెబుతోంది. మనమే వినడం లేదు. గోడ తలుపు దగ్గర ఆగిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుంటే జారుతుంది. బాత్‌రూములో తువ్వాలు వేసుకునే కమ్మీ మనిషి బరువు మోయడానికి బిగించింది కాదు. కొడుకు భుజం గొప్ప ఆసరానే, కానీ రాత్రి రెండింటికి అమ్మ బాత్‌రూముకు లేచినప్పుడు ఆ కొడుకు నిద్రలో ఉంటాడు. లేపడం ఇష్టంలేక ఆవిడ ఒంటరిగానే చీకట్లో నడుస్తుంది. రెక్క పట్టుకుని లాక్కెళ్లే పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఒకరు తూలితే ఇద్దరూ పడతారు.

పడటమంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. పెద్ద వయసులో తుంటి ఎముక విరిగితే సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే కన్నుమూస్తున్నారని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. బతికినవాళ్లలో చాలామందికి పాత నడక తిరిగి రాదు. వెయ్యీ రెండు వేలకు దొరికే వాకర్‌ను వద్దనుకున్న ఇంటికి ఆపరేషన్ ఖర్చు లక్షల్లో పడుతుంది. అప్పుడు ఎలాగూ వాకర్ కొంటారు. ముందే కొని ఉంటే తుంటి మిగిలేది.

ఎదుటివారి వాదనల్లో బరువున్నది ఒకటుంది. వాకర్ ఉన్నా పడుతున్నారు కదా, వాకర్ కాళ్లకు తట్టుకుని పడినవాళ్లున్నారు కదా అని అడుగుతారు. నిజమే. అమెరికాలో 2001 నుంచి 2006 వరకు లెక్కలు చూస్తే, నడక సాధనాలతో ముడిపడిన పడిపోవడాల వల్ల ఏటా సుమారు 47 వేల మంది వృద్ధులు ఎమర్జెన్సీ వార్డులకు వచ్చారు. పదింట దాదాపు తొమ్మిది సందర్భాల్లో వాళ్లు వాడుతున్నది వాకరే. కానీ వాకర్ చేతికొచ్చేది ఎవరికి? అందరికంటే ఎక్కువగా పడే ప్రమాదం ఉన్నవాళ్లకే. అది లేకుండా వాళ్లెంతమంది పడేవారో ఆ లెక్కల్లో ఉండదు. అలాగని ఆ లెక్కను పక్కన పెట్టకూడదు. తగని సాధనం, తప్పుగా పట్టుకున్న సాధనం కూడా మనిషిని పడేస్తాయి. అందువల్ల చేయాల్సింది దాన్ని మానేయడం కాదు, కొలిచి కొని, నేర్చుకుని వాడటం.

ఇక్కడే మన రెండో తప్పు బయటపడుతుంది. వద్దు వద్దని చివరిదాకా లాగి, తీరా కొనేటప్పుడు "ఏదైతేనేం" అంటాం. సర్జికల్ షాపుకు మనిషిని తీసుకెళ్లకుండా కొడుకు ఒక్కడే వెళ్లి ముందు కనబడ్డది పట్టుకొస్తాడు. లేకపోతే పోయిన పెద్దనాన్న వాకర్ అటక మీద నుంచి దిగుతుంది. పక్కింటివాళ్ల కళ్లజోడు తెచ్చి పెట్టుకోము కదా. ఎత్తు కొలవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రోజూ వేసుకునే చెప్పులతో మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి గానీ వాకర్ పిడి గానీ అక్కడికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి. పొట్టిదైతే నడుం వంగుతుంది, పొడుగుదైతే భుజాలు పైకి లేస్తాయి.

కర్ర ఏ చేత్తో పట్టుకోవాలన్నది చాలామంది తిరగేసి చేసే పని. కుడి తుంటి నొప్పి అయితే కుడిచేత్తో పట్టుకుంటారు. కర్ర ఉండాల్సింది ఎడమచేతిలో. కుడికాలి మీద నిలబడ్డప్పుడు నడుం ఎడమకు ఒరిగిపోకుండా కుడి పిరుదు కండరాలు గట్టిగా లాగి పట్టుకుంటాయి. ఆ లాగుడుతో కీలు మీద ఒంటి బరువుకు రెండింతలు దాటిన ఒత్తిడి పడుతుంది. ఎడమచేతి కర్ర నేలను నొక్కితే ఆ కండరాల శ్రమ తగ్గి కీలుకు ఊపిరి ఆడుతుంది. అమెరికన్ ఎముకల వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ చేతికర్రను పారేయవద్దని వాదిస్తూ 1956లోనే వైద్య పత్రికలో వ్యాసం రాశారు. పక్షవాతం వచ్చినవాళ్లు కూడా బలమున్న చేత్తోనే పట్టుకోవాలి. కర్ర, నొప్పి కాలు కలిసి కదలాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. రెండో చేయి రెయిలింగు మీద ఉండాలి.

వాకర్లలోనూ తేడాలున్నాయి. చక్రాల్లేని మామూలు వాకర్ అన్నిటికంటే నిలకడైనది, కానీ అడుగడుగుకీ ఎత్తి పెట్టగల చేతులుండాలి. చేతుల్లో సత్తువ తక్కువైతే ముందు రెండు చక్రాలున్నది నయం. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఎత్తి పెట్టడంతో నడక లయ తెగుతుంది కాబట్టి, చాలామందికి చక్రాలున్నదే కుదురుతుంది. నాలుగు చక్రాల రోలేటర్ బయట తిరగడానికి హాయి. అయితే బ్రేకు నొక్కడం గుర్తుండాలి, దాని మీద బరువంతా ఆనించేవాళ్లకు అది పనికిరాదు, బ్రేకు బిగించకుండా దాని సీటు మీద కూర్చోకూడదు. మామూలు వాకర్‌తో నడిచేటప్పుడు నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే అడుగు వేయాలి. వాకర్, తర్వాత నొప్పి కాలు, తర్వాత మంచి కాలు, ఇదీ వరస. దాన్ని దూరంగా తోసేసి వెనక నుంచి వంగి నడవకూడదు. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ను పట్టి లాగితే అది మీదికి వస్తుంది, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవాలి. మెట్ల దగ్గర వాకర్ వాడనే వద్దు.

చంకకర్రలు వాడేవాళ్లు బరువు చంకల్లో మోస్తే అక్కడి నరాలు నలిగి చేయి తిమ్మిరెక్కుతుంది. కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంచి, బరువు అరచేతుల మీద వేయాలి. ఏ సాధనానికైనా అడుగున రబ్బరు బుష్ అరిగితే వెంటనే మార్చాలి. అరిగిన రబ్బరు తడి గచ్చు మీద జారుతుంది.

ఇంటి వంతు కూడా ఉంది. వాకర్ బాత్‌రూము తలుపులో పడుతుందో లేదో కొనే ముందే కొలవండి. చాలా ఇళ్లలో పట్టదు, సరిగ్గా ఎక్కువమంది పడేచోటే అది బయట ఆగిపోతుంది. అక్కడ గోడకు గట్టి పట్టుకమ్మీలు బిగించాలి. వదులు పట్టాలు, వైర్లు తీసేయాలి. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు నేలకు తగలకూడదు. రాత్రంతా చిన్న దీపం వెలగాలి. కళ్లు తిరిగి పడేవాళ్లకు కర్ర ఒక్కటే చాలదు. బీపీ మందులు, నిద్రమాత్రలు, కంటిశుక్లాలు డాక్టరు చూడాలి.

ప్రభుత్వం వంతూ తక్కువ కాదు. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం. అయితే ఎక్కడైనా సరే, వస్తువు చేతికివ్వడంతో సాయం పూర్తికాదు. ఎత్తు సరిచేసి, పది అడుగులు నడిపించి చూపే మనిషి కూడా ఆ శిబిరంలో ఉండాలి. ఆ పెద్దమనిషి గడప దాటాక నడవడానికి ఫుట్‌పాత్ ఉండాలి.

చదువుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. ఈ వారం మీ ఇంటి పెద్దవాళ్ల నడకను కాస్త గమనించండి. గోడలు పట్టుకుంటున్నా, గుడికి వెళ్లడం మానేసినా, ఒక్కసారైనా తూలి పడినా, వాళ్లను ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లి తగిన సాధనం కొలిపించి, వాడటం నేర్పించండి. "అప్పుడేనా" అన్న మాట ఇకనుంచి మీ నోట రానీయకండి. కర్ర వల్ల కాళ్లు పోవు. వద్దనే మన మాట వల్ల పోతున్నాయి.