లండన్‌లో నాకు నచ్చినవి

అబ్బాయి దగ్గర నెల్లాళ్ళుండి సిరొంచ తిరిగి రాగానే పక్కింటావిడ అడిగింది: "అక్కడ ఏమున్నది వదినా చూడనీకి?" మీకూ చెబుతాను.

ఒకటి, మ్యూజియాలు. పెద్దవాటిలో చాలావరకు టికెట్టు లేదు. రాక్షసబల్లి ఎముకల ముందు మనవరాలు నోరు తెరిచింది. "మన సిరొంచ దగ్గర పోచంపల్లిలోనూ దొరికాయే! ఆ బారపాసారస్ ఇప్పుడు కలకత్తాలో ఉంది" అంటే నమ్మలేదు.

రెండు, థేమ్స్ నది. పొడవు 346 కిలోమీటర్లే, మన గోదావరి 1465. అయినా ఒడ్డెంబడి హాయిగా నడవొచ్చు.

మూడు, రైల్లో గంట దూరంలో డోర్కింగ్. 1899లో పోయిన కాటన్ దొర సమాధి అక్కడుంది. గోదావరి, ప్రాణహితల మీదుగా పైదాకా పడవలు నడపాలని కలగన్నాడు. 1871లో ఆ పనులు ఆగిపోయాయి.

రాతిమీది పేరు మనవరాలు గడగడా చదివింది. "తెలుగులో రాయవే" అన్నాను. "రాదు నానమ్మా" అంది. మనసు చివుక్కుమంది. నాదీ మరాఠీ బడి చదువే. తెలుగు అమ్మ నేర్పింది. తప్పు పిల్లది కాదు, మాదే.

ఎండాకాలం సెలవులకు రమ్మన్నాను. ప్రాణహిత ఇసుకలో అ ఆలు దిద్దిస్తాను.