మూడు కార్డ్‌ల సంగీతాన్ని ఈసడించకండి

అరవై ఏళ్ళు దాటినవారు కీబోర్డ్ కొనుక్కొని నాలుగు పాటలు వాయించుకుంటామనగానే మన సమాజంలో రెండు మాటలు వినవస్తాయి. మొదటిది సంగీతం తెలిసినవారిది: "ముందు రెండేళ్ళు స్వరసాధన చేయండి, పాట సంగతి తరవాత చూద్దాం." రెండవది వ్యాపారులది: "నెల రోజులు వాయించండి, మతిమరుపు మీ దరి చేరదు." ఒక వైద్యునిగా ఈ రెండింటినీ నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. మొదటి మాట మనిషిని వాద్యానికి దూరం చేస్తుంది. రెండవది వాద్యాన్ని మందుబిళ్ళగా చూపి మోసం చేస్తుంది.

ముందుగా విషయం తెలుసుకుందాం. మూడు స్వరాలను ఒకేసారి పలికించడాన్ని పాశ్చాత్య సంగీతంలో కార్డ్ అంటారు. సి మీటను షడ్జమంగా తీసుకుంటే తెల్ల మీటలన్నీ కలిసి మన శంకరాభరణ రాగ స్వరాలే అవుతాయి. అందులో స, గ, ప కలిపి నొక్కితే సి మేజర్ కార్డ్. స మీద చిటికెన వేలిని కదపకుండా మిగిలిన రెండు వేళ్ళనూ ఒక్కొక్క తెల్ల మీట పైకి జరిపితే స, మ, ద. అది ఎఫ్ మేజర్. మళ్ళీ మొదటి కార్డ్‌కు వచ్చి, ప మీద బొటనవేలిని అలాగే ఉంచి, స, గ లను ఒక్కొక్క తెల్ల మీట కిందికి దింపితే ని, రి, ప. అది జి మేజర్. ఎడమచేయి ఉన్నచోటనే ఉంటుంది. కుడిచేతితో ఒక్కొక్క స్వరంగా వరుస వాయిస్తే చాలు, మనవల పుట్టినరోజున అందరూ పాడే హ్యాపీ బర్త్‌డే పాట ఈ మూడింటితోనే పూర్తవుతుంది.

"ఇదా సంగీతం?" అని పెదవి విరిచేవారికి నా ప్రశ్న ఒకటి. పక్షవాతం వచ్చిన రోగికి నడక నేర్పేటప్పుడు, నడక తీరు సంపూర్ణంగా కుదిరే వరకు గుమ్మం దాటవద్దని ఏ ఫిజియోథెరపిస్టయినా అంటాడా? ఊతకర్రతోనైనా సరే నాలుగడుగులు వేయిస్తాడు. ఆ నాలుగడుగులే రోగికి రేపటి మీద ఆశ కలిగిస్తాయి. పదేళ్ళ పిల్లవాడు రెండేళ్ళు నిరీక్షించగలడు. డెబ్బై ఏళ్ళ మనిషికి ఈ వారమే ఒక పాట కావాలి. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఎనిమిది నెలలు స్వరాల వరుసలే వాయించి, ఒక్క పాటయినా రాక, విసుగుతో కీబోర్డ్‌ను అటక మీదికి ఎక్కించాడు. మళ్ళీ టీవీ ముందు కుర్చీయే ఆయనకు గతి అయింది. ఈ నష్టానికి ఎవరు బాధ్యులు?

మీటల వాద్యాన్ని చిన్నచూపు చూడడం మనకు కొత్త కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. అయినా మన పద్యనాటక రంగస్థలాల మీద, భజన మందిరాల్లో హార్మోనియం మోగుతూనే ఉన్నది. పండితుల అభ్యంతరంలో నిజం లేకపోలేదు. మీటల మీద గమకం పలకదు. మన రాగాలన్నీ మూడు కార్డ్‌లలో ఇమడవు. కర్ణాటక సంగీతం నేర్వదలచినవారు గురువును ఆశ్రయించవలసిందే. అయితే కచేరీ చేయడానికీ, సాయంకాలం ఇంట్లో ఒక పాట వాయించుకోవడానికీ ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది?

ఇక వ్యాపారుల సంగతి. 2003లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వెలువడింది. 75 ఏళ్ళు దాటి, డిమెన్షియా లేని 469 మందిని కొన్నేళ్ళపాటు పరిశీలించారు. చదువు, బోర్డు ఆటలు, వాద్యం, నృత్యం అలవాటుగా ఉన్నవారిలో ఆ వ్యాధి తక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని మాత్రమే చూపుతుంది, కారణాన్ని నిరూపించదు. వ్యాధి తొలిదశలో ఉన్నవారు తమకు తెలియకుండానే అలవాట్లను వదిలేసి ఉండవచ్చు కదా! కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను సమీక్షించి చెప్పింది. తోడ్పడటం వేరు, చికిత్స వేరు. కీబోర్డ్ వచ్చింది కదా అని రక్తపోటు మాత్రలు మానరాదు, ఉదయపు నడక మానరాదు.

సులభమైన కార్డ్‌లతో మొదలుపెడితే చెడు అలవాట్లు పడతాయని మరొక ఆక్షేపణ ఉన్నది. చేతికి కీడు చేసేది సులభమైన పాట కాదు. బిగుసుకున్న మణికట్టు, ఎత్తు సరిపోని కుర్చీ, గంటల తరబడి సాధన. మోచేతులు మీటల ఎత్తులో ఉండాలి. మణికట్టు వంగకూడదు. పదిహేను నిమిషాలు వాయించి లేవండి. ఓపిక ఉంటే సాయంత్రం మరొక పదిహేను నిమిషాలు. నొప్పి పుడితే వెంటనే ఆపండి. మధుమేహం ఉన్నవారిలో వేళ్ళు బిగుసుకోవడం, ముడిచిన వేలు తిరిగి తెరుచుకోకపోవడం ఎక్కువ. బొటన, చూపుడు, మధ్య వేళ్ళు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే వైద్యుని సంప్రదించండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం తగ్గించండి.

ఉద్యోగ విరమణ తరవాత మనిషిని కుంగదీసేది వ్యాధి ఒక్కటే కాదు. ఇక నేర్చుకోవలసినది ఏదీ లేదన్న భావన కూడా. దానికి మందుల దుకాణంలో మాత్ర లేదు. కనుక తల్లిదండ్రులు తప్పుగా ఒక మీట నొక్కితే నవ్వకండి. పెద్దలారా, మీరు కూడా ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకండి. స, గ, ప ల మీద మూడు వేళ్ళు ఉంచండి. సంగీతం అక్కడినుంచే మొదలవుతుంది.