పెద్దమ్మ హోటల్లో వెదురు కొమ్ముల కూర



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ఫుడ్ స్టాల్ గురించి వారం నుంచి మాట్లాడుకుంటున్నాం కదా. వెదురు కొమ్ములు, ఎండు చేపలు పెడితే వాసనొస్తుంది, బయటోళ్లు దగ్గరికి రారు, హాయిగా చికెన్ బిర్యానీ పెట్టేద్దాం అని కొందరన్నారు. ఆ మాట మా ముగ్గురికీ గుచ్చుకుంది. ఎందుకో చెప్తాం.

మేం రెండేళ్లు థాయ్‌లాండ్‌లో, బ్యాంకాక్‌కు ఉత్తరాన పతుమ్ థానీలో ఉన్న ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకున్నాం. క్యాంపస్ బయట ఓ సందులో చిన్న హోటలుండేది. హోటలంటే ఏం లేదు, ఇంటి ముందు రేకులు దించి వేసిన ఐదు బల్లలు. వండేదీ వడ్డించేదీ ఒకావిడే. అందరూ ఆమెను 'పా' అనేవాళ్లు. థాయ్‌లో పా అంటే అమ్మకో నాన్నకో అక్క వరస. మాకు మాత్రం పెద్దమ్మే.

ఆమెది ఈసాన్, థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం. (ఆ పేరు కూడా మన 'ఈశాన్యం' మాటే!) దేశ జనాభాలో దాదాపు మూడో వంతు అక్కడే. చాలామంది ఇంట్లో మాట్లాడేది లావోకు దగ్గరి భాష. నేల అంతంతమాత్రం కావడంతో బ్యాంకాక్‌కు కూలికి, ఫ్యాక్టరీలకు, ట్యాక్సీ తోలడానికి వచ్చేస్తారు.

మొదటి రోజు ఆమె గిన్నె తెచ్చి పెట్టగానే ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెదురు కొమ్ముల కూర! యానాంగ్ అనే ఆకు నలిపి, ఆ పచ్చటి రసంలో ఉడికిస్తారు. మన దగ్గర అలా చెయ్యరు. కానీ వాసన మాత్రం వానాకాలంలో మా ఇంటి పొయ్యి దగ్గరదే. పక్కన మూతున్న చిన్న వెదురు బుట్టలో జిగురు అన్నం. ఆ దేశంలో మామూలు అన్నం చెంచా, ఫోర్కుతో తింటారు. ఈ అన్నం మాత్రం చేత్తో చిదిమి, ముద్ద చేసి, కూరలో అద్దుకుని తినాల్సిందే. మాలో ఒకరు ఇంజినీరింగ్ హాస్టల్లో 'ఏంట్రా ఆ కంపు' అన్న ఒక్క మాటకి, అమ్మ కట్టిచ్చిన ఎండు కొమ్ముల పొట్లం విప్పకుండానే పారేశారు. ఆ సంగతి మాకు మొదటిసారి చెప్పింది ఆ బల్ల దగ్గరే.

పా కథా అంతే. చేపల్ని ఉప్పూ బియ్యప్పొడీ వేసి నెలల తరబడి ఊరబెట్టే 'ప్లా రా' లేకుండా వాళ్లకు వంట లేదు. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ పనికొచ్చి, తోటి పనోళ్లు వెక్కిరిస్తారని ఆ సీసా గదిలో దాచుకునేదట. ఇప్పుడు బొప్పాయి 'సోమ్ తమ్' రోట్లో దంచుతూ ప్రతి ఒక్కరినీ అడుగుతుంది, ప్లా రా వెయ్యనా వద్దా అని. వద్దన్నోళ్లకి వెయ్యదు. కానీ సీసా మాత్రం బల్ల మీద అందరికీ కనబడేలా ఉంటుంది.

థాయ్ వంటకి పేరు ఊరికే రాలేదు. ప్యాడ్ థాయ్‌ని 1940ల ప్రాంతంలో ప్రభుత్వమే జాతీయ వంటగా ప్రచారం చేసింది. 2002లో విదేశాల్లో థాయ్ హోటళ్లు పెంచడానికి ఓ పథకమే పెట్టింది. ఈసాన్ వంట నగరానికి ఎక్కిందంటే మాత్రం అది చాలావరకు ఇలాంటి పెద్దమ్మల బండ్ల వల్లే. మనకి అలాంటి ప్రచారం చేసేవాళ్లు ఎవరున్నారు? మారేడుమిల్లి, అరకు దారుల్లో బొంగు చికెన్ తప్ప మన వంట పేరు ఇంకొకటి బయటోళ్లకి తెలుసా? ఉట్నూరులో మన అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, అదీ దారి. పక్కన ఒడిశాలో సిమిలిపాల్ ఎర్ర చీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది.

ఒక భయం కూడా ఉంది. మన తిండి ఫ్యాషనైతే రేటు పెరుగుతుంది, లాభం ఎవరికో పోతుంది, ఏరుకొచ్చినోళ్ల పళ్లెంలోకే రాకుండా పోతుంది. అందుకే మనమే వండాలి, మన పేర్లతోనే అమ్మాలి అంటున్నాం. పండక్కి దేవుడి ముందు పెట్టేవి అసలు స్టాల్లోకి తేవొద్దు.

బిర్యానీ కావాలంటే పక్క స్టాల్లో దొరుకుతుంది. మనం చోడి అంబలి, సామ అన్నం, కొమ్ముల కూర, ఎండు చేపల పచ్చడి పెడదాం. పచ్చడి కావాలా వద్దా అని అడిగి వడ్డిద్దాం. కూర వండటం మా ముగ్గురిదీ పూచీ. రోలు ఒకటి కావాలి, ఎవరింట్లో ఉందో చెప్పండి. మిక్సీ మాత్రం వద్దు.