రూపమొక్కటే – అర్థాలనేకం

తెనాలి స్టేషనులో రైలు మార్గం చీలుతుంది. ఒక దారి బాపట్ల మీదుగా చెన్నై వైపు సాగుతుంది. మరొకటి భట్టిప్రోలు దాటి రేపల్లెలో ముగుస్తుంది. ఒకచోట బయలుదేరిన దారులు వేర్వేరు ఊళ్లు చేరినట్లే, ఒకే మూలం నుండి పుట్టిన మాటలు వేర్వేరు భాషలలో వేర్వేరు అర్థాలకు చేరుకుంటాయి. ఈ సంగతిని నేను గ్రంథాలలో చదువుకున్నాను. దాని విలువను మాత్రం నాకు నేర్పినవాడు ఒక విద్యార్థి.

చాలా ఏళ్ల క్రితం మా తరగతిలో ఉత్తరదేశం నుండి బదిలీపై వచ్చిన రైల్వే ఉద్యోగి కుమారుడు ఉండేవాడు. ఒకనాడు అతడు సెలవు చీటీలో “జ్వరం వచ్చినందువల్ల రెండు దినములు అవకాశము ఇవ్వగలరు” అని రాశాడు. దానిని నేను బిగ్గరగా చదివాను. “జ్వరపడటానికి కూడా అవకాశం కావాలా?” అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ తరువాత చాలా రోజులు అతడు నోరు విప్పలేదు. హిందీలో ‘అవకాశ్’ అంటే సెలవే. తప్పు అతనిది కాదు, నాది.

సంస్కృతంలో అవకాశమంటే చోటు, ఎడము. పనికీ పనికీ నడుమ దొరికే ఎడము హిందీలో సెలవైంది. పని చేయడానికి దొరికే వీలు తెలుగులో అవకాశమైంది. అదే మాట మలయాళంలో హక్కు. ముగ్గురూ ఒకే మాటను స్వీకరించారు. ఎవరి అవసరం మేరకు వారు దానిని మలచుకున్నారు.

ఇటువంటి మాటలకు కొదవ లేదు. మనకు శిక్ష అంటే దండన, హిందీవారికి విద్య. మనకు ఉద్యోగం కొలువు, వారికి పరిశ్రమ. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. అక్కడ పెద్దలు ఉపన్యాసాలు ఇచ్చారని చెబితే, హిందీ పాఠకుడో వంగ పాఠకుడో నవలలు పంచిపెట్టారని అనుకోవచ్చు. శరత్ నవలలను తెనుగు చేసిన తెనాలివాసి చక్రపాణి వంటి అనువాదకులు ఇటువంటి చోట్ల ఎంతో మెలకువగా ఉండక తప్పదు.

పొరపాటు ఒక్కొక్కసారి నవ్వుతో పోదు. ‘సత్యాగ్రహం’ అనే మాటకు సత్యం కోసం కోపించడమని అర్థం చెప్పే విద్యార్థులు నాకు తారసపడ్డారు. తెలుగులో ఆగ్రహం కోపమే. కాని గాంధీజీ ఉద్దేశించిన ఆగ్రహం పట్టుదల. కోపాన్ని జయించమని బోధించిన ఉద్యమానికి కోపాన్నే అంటగట్టడం ఎంత అన్యాయం!

ఐరోపాలోనూ ఇదే కథ. ఇంగ్లీషులో ‘గిఫ్ట్’ కానుక, జర్మన్‌లో విషం. రెండింటికీ మూలం ‘ఇచ్చు’ అనే అర్థం గల ధాతువే. వైద్యుడు ఇచ్చే మోతాదు క్రమంగా విషమైంది. మన ‘మందు’ మాత్రం తక్కువ తిన్నదా? రోగిని బ్రతికించేదీ మందే, చేలో పురుగును చంపేదీ మందే. వికటకవి అని తెనాలి రామకృష్ణుని తలచుకొని నవ్వుకుంటాం. అదే మందు వికటిస్తే ఆసుపత్రికి పరుగెత్తుతాం. హిందీలో ‘వికట్’ అంటే దుర్భరమైనది, భయంకరమైనది.

1928లో కెస్లర్, దెరోకిన్యీ అనే ఇద్దరు ఫ్రెంచిలో ఒక గ్రంథం వెలువరించి, ఇటువంటి మాటలను ‘కపట మిత్రులు’ అన్నారు. ఆ పేరు నాకు నచ్చదు. వీటిలో కపటమేమున్నది? ఒకే పుట్టింటి ఆడపడుచులు వేర్వేరు అత్తవారిళ్లకు వెళ్లి, ఆ ఇంటి తీరును అలవరచుకున్నట్లుగా ఉన్నాయివి.

మూల సంస్కృతార్థమే సరియైనదని, తక్కినవన్నీ అపభ్రంశాలని వాదించే పండితులున్నారు. ప్రాచీన కావ్యాలు చదివిన నాకు ఆ వాదంలోని ఆకర్షణ తెలుసు. కాని అది నిలువదు. ఒకప్పుడు చీర అంటే ఏ వస్త్రమైనా కావచ్చు. నేడది స్త్రీలు కట్టే చీరే. కన్నడంలో కంపు అంటే సువాసన, మనకు దుర్వాసన. ఎవరిది తప్పు? అర్థాన్ని నిర్ణయించేది నిఘంటువు కాదు, ఆ మాటను పలికే ప్రజలు. నిఘంటువు వారి వాడుకను నమోదు చేస్తుంది.

విద్యార్థులారా! రేపు మీలో అనేకులు చదువు కోసం, కొలువు కోసం పరాయి ప్రాంతాలకు వెళతారు. అక్కడ మీ మాట విని ఎవరైనా నవ్వితే చిన్నబుచ్చుకోకండి. మీ ఊరికి వచ్చినవారి మాట మీకు వింతగా తోస్తే నవ్వకండి. “మీ వైపు ఈ మాటకు అర్థమేమిటి?” అని అడగండి. ఆనాడు నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఒక పిల్లవాడు తరగతిలో మౌనంగా కూర్చునేవాడు కాదు. అతనికి నేను ఇవ్వనిది సెలవు కాదు, మాట్లాడే అవకాశం.