మెదడు పాఠంలో మాటల చిక్కు

మెదడును గూర్చిన శాస్త్రాన్ని ఇంగ్లీషులో చదువుకోబోయే మన పిల్లలకు అడ్డు తగులుతున్నది శాస్త్రం కాదు, మాటలు. మరింత సరిగా చెప్పాలంటే, అర్థం చెప్పకుండా అప్పగించిన మాటలు. నేను తెలుగు పండితుణ్ణి. జీవశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. అయినా సంగతి మాటలది గనుక నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకూ ఉన్నదనుకుంటాను.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం వచ్చింది. పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలిశాయి. నీట్ ప్రశ్నపత్రాన్ని 2017 నుండి తెలుగులోనూ ఇస్తున్నారు గాని, అనువాదంలో సందేహం తలెత్తితే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. కాబట్టి మాధ్యమం మంచిదా చెడ్డదా అన్న పాత తగవును నేనిక్కడ తవ్వబోను. ఇంగ్లీషు మాట తప్పదు. దానిని ఎలా అందించాలన్నదే ప్రశ్న. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లోకి వెళ్తే ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. అక్కడి కోయపిల్లవాడికి ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది.

‘నరం’ అన్న మాటనే తీసుకోండి. మన ఊళ్లలో నరమంటే అన్నీ నరాలే. చేతి మీద నీలంగా ఉబికి కనిపించే రక్తనాళమూ నరమే, మడమ వెనుక బిగిసే స్నాయువూ నరమే, మెదడు నుండి కబురు మోసుకొచ్చేదీ నరమే. ఈ గజిబిజి తప్పించడానికి పాఠ్యపుస్తకం ‘నాడి’ అన్నది. బాగానే ఉంది, కాని నాడి చూడటమంటే మణికట్టు పట్టుకోవడమని పసివాడికి కూడా తెలుసు. ‘నాడీకణం’ అనగానే గుండె కొట్టుకోవడం గుర్తుకు వచ్చే పిల్లలను నేను చూశాను. ఇక ‘న్యూరాన్’ అంటారా, ఏమీ గుర్తుకు రాదు. అది మేలో కీడో మీరే చెప్పండి.

తమాషా ఏమిటంటే, ఆ గ్రీకు మాట కథ కూడా మన నరం కథే. గ్రీకులో ‘న్యూరాన్’ అంటే మొదట స్నాయువు, వింటినారి. మెదడు కబురు మోసే తంతువు అన్న అర్థం తరువాత వచ్చింది. కణానికి ఆ పేరు 1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్డేయర్ పెట్టాడు. మన సంస్కృత ‘స్నాయువు’కూ ఆ ‘న్యూరాన్’కూ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రం చెబుతుంది. ‘ఆక్సాన్’ అన్నదీ అంతే. మన ‘అక్షం’ దాని తోబుట్టువు, పాఠ్యపుస్తకంలోని ‘తంత్రికాక్షం’లో ఆ అక్షమే ఉంది. ఇంత దగ్గరి చుట్టాలను పరాయివాళ్లలా ఎదురెదురు పుటల్లో కూర్చోబెట్టి, ఒకరికొకరిని పరిచయం చేయకుండా బల్ల మీద బెత్తం కొడితే ఏం లాభం? (అన్నట్టు ‘మెడుల్లా’కూ మన ‘మెదడు’కూ చుట్టరికం లేదు. అది లాటిన్, ఇది అచ్చమైన ద్రావిడం, కన్నడంవారి ‘మెదుళు’కు అక్కచెల్లెలు. ధ్వని కలిసినంత మాత్రాన వియ్యం కలపకూడదు.)

సంస్కృతంలోకి మార్చేస్తే సమస్య తీరుతుందనే పండితమిత్రులు కొందరున్నారు. తీరదు. ‘ద్వారగోర్దం’ అని తెలుగు పుస్తకంలో చదివిన పిల్లవాడికి గోర్దమంటే మెదడేనని ఎవరు చెప్పారు? వాడికది డైఎన్‌సెఫలాన్ కంటే సులువేమీ కాదు. మరి అదే పుస్తకంలో ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడు అన్న మాటలు కూడా ఉన్నాయి. వాటిని మరిచిపోయిన విద్యార్థి నాకు తారసపడలేదు. ‘సెరిబెల్లం’ అంటే లాటిన్‌లో చిన్న మెదడనే అర్థం. మనవాళ్లు చిన్నమెదడు అంటూనే ఉన్నారు. ఆ మాట చెప్పి, నడకలో తూలకుండా ఒళ్లు నిలిపేది ఇదేనని చెప్పి, అప్పుడు సెరిబెల్లం అంటే అది ఎక్కడికీ పోదు.

ఇక ‘కార్టెక్స్’. మెదడు పైపొర. లాటిన్‌లో దాని అర్థం చెట్టు బెరడు. తెలుగు శాస్త్రగ్రంథాల్లో ‘వల్కలం’ అన్నారు, ఎంత చక్కని మాట! భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది. సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని అక్కడ రాళ్లను చూపిస్తారు. ఆ నారచీరే వల్కలం. మన జిల్లా పిల్లల్లో పర్ణశాల చూడనివారు అరుదు. ఇప్పచెట్టు బెరడు, మద్దిచెట్టు బెరడు ఎరుగని కోయపిల్లవాడు అసలే లేడు. బెరడు, నారచీర, వల్కలం, కార్టెక్స్ అని మెట్టుమెట్టుగా ఎక్కించవలసిన మాటను, ఏకంగా అటక మీదికి విసిరేసి అందుకోమంటున్నాం. ‘డెండ్రైట్’లో ఉన్నది కూడా చెట్టే. కణం నుండి కొమ్మల్లా చీలేవాటికి ఆ పేరు పెట్టారు. అడవిలో పుట్టిన బిడ్డకు ఇంతకంటే దగ్గరి శాస్త్రం ఏముంటుంది?

పేరు తెలిసినంతనే పని తెలిసినట్టు కాదని అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. ‘అమిగ్డలా’ అంటే గ్రీకులో బాదంపప్పు. అది ఆకారం చెబుతుంది గాని భయంతో దానికున్న సంబంధం చెప్పదు. ‘హిప్పోకాంపస్’ సముద్రపు గుర్రం. జ్ఞాపకాలు కుదురుకోవడానికి అది కావాలని పేరులో లేదు. ‘సైనాప్స్’ అయితే కలిసి పట్టుకోవడమనే అర్థం ఇస్తుంది. చాలా సైనాప్సుల్లో కణానికీ కణానికీ నడుమ సందు ఉన్నదని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక 1950ల్లో కంటికి కనిపించింది. పేర్లు పెట్టినవారు కూడా మనలాగే పోలిక చూసి పెట్టారు, ఒక్కోసారి పొరపడ్డారు. అది తెలిసిన పిల్లవాడు మాటకు భయపడడు. పేరు వేరు, పని వేరు అని కూడా తెలుసుకుంటాడు.

ఇదంతా పరీక్ష మార్కుల కోసమే అయితే నేనింత రాయకపోదును. మా వైపు మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఈనాటికీ తాళంచెవుల గుత్తి పెడతారు. గాలి సోకిందనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆసుపత్రి చీటీ మీద ‘ఎపిలెప్సీ’ అని ఉంటుంది. నోటిమాటగా ‘ఫిట్స్’ అంటారు. బడిలో నేర్చిన ‘ఫిట్’కు ఆరోగ్యంగా ఉండటమని అర్థం. పిల్లవాడికి ఈ రెండూ ఎలా పొసగాలి? ఎపిలెప్సీ అంటే గ్రీకులో పట్టుకోవడమే, ఏదో వచ్చి పట్టుకున్నదనే. వాళ్లూ దేవతలే పట్టారనుకున్నారు. కాని హిప్పోక్రటీసు పేర వెలసిన ఒక గ్రంథం, సుమారు 2400 ఏళ్ల క్రితమే, ఇది దేవతల పని కాదు, మెదడు జబ్బు అని వాదించింది. ఈ ఒక్క మాట కథ చెబితే, నాడీకణాల్లో విద్యుత్ సంకేతాలు అదుపు తప్పడమే మూర్ఛ అన్న పాఠం ఆ బిడ్డ ఇంటిదాకా నడిచి వెళ్తుంది. తాళంచెవులు వెతకకుండా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ కుక్కకూడదని, అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలని వాడే చెబుతాడు.

కనుక నేను కోరేది పెద్ద నిఘంటువేమీ కాదు. తెలుగు అకాడమీ 1968 నుండి పారిభాషిక పదాలకు ఎంతో పని చేసింది. అవి కళాశాలకు సరిపోతాయి. బడికి కావలసింది పాతిక ముప్పై మాటల చిన్న పుస్తకం. ఇంగ్లీషు మాట, దాని పుట్టు అర్థం, మనం వాడే తెలుగు మాట, ఆ భాగం చేసే పని. జీవశాస్త్రం అయ్యవారూ తెలుగు అయ్యవారూ ఒక మధ్యాహ్నం కలిసి కూర్చుంటే అయిపోయే పని. చివరన ఒక వరుస ఖాళీగా ఉంచాలి, కోయ మాట కోసం. దానిని మేమెవరమూ నింపలేము. పిల్లలే ఇంటికి తీసుకెళ్లి అవ్వలను, తాతలను అడిగి రాసుకు రావాలి.