గేరుబాక్సు చెడితే ఏ జిల్లా గడప తొక్కాలి?

చంద్రపూర్ నగరంలోని బాబుపేట్‌లో కాపురముంటూ, బంధువుల మాటపై మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో కారు కొన్న కుటుంబానికి గేరుబాక్సు మొరాయించిన నాడు రెండు చిక్కులు ఎదురవుతాయి. వారంటీ కింద బాగుచేయించుకోవడం మొదటిది. కంపెనీ నిరాకరిస్తే ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నది రెండవది. ఈ రెండవ చిక్కును చట్టం కొన్నేళ్ల క్రితమే తొలగించినా, సరిహద్దు పల్లెల్లో ఆ సంగతి తగినంతగా ప్రచారం కాలేదనే చెప్పాలి.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు వ్యాపారం చేసే చోటగానీ, వివాదానికి కారణం ఏర్పడిన చోటగానీ కేసు వేయవలసి వచ్చేది. మంచిర్యాలలో కొన్న కారు కోసం వాయిదా వాయిదాకూ కూలి మానుకుని ఆదిలాబాద్ వెళ్లగలిగేవారు ఎందరు? 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం 34వ సెక్షను ఈ స్థితిని మార్చింది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అంటే బాబుపేట్ వాసికి చంద్రపూర్ జిల్లా కమిషనే చాలు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు మాత్రమే. అయితే బిల్లును తెలంగాణలోని బంధువుల పేరిట, వారి చిరునామాతో రాయించుకున్నవారికి ఈ సౌలభ్యం సులువుగా దక్కదు.

అసలు పేచీ మరొకటి. క్లచ్ ప్లేటు అరిగిపోయే వస్తువనీ, నడిపే తీరు వల్లే కాలిపోయిందనీ సర్వీసు సెంటర్లు తేల్చేస్తాయి. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. బొగ్గు లారీల వెనుక సగం క్లచ్ తొక్కి గంటలకొద్దీ పాకించిన బండి ఎంతకని ఓర్చుకుంటుంది? కానీ ఆ మాటే కవచంగా మారిన ఉదంతమూ ఉంది. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ తన పవర్‌షిఫ్ట్ గేరుబాక్సు వణుకుడుకు డ్రైవర్లనే తప్పుపట్టింది. లోపం సంగతి కంపెనీకి ముందే తెలుసని తేలింది. ఫిర్యాదులపై వ్యవహరించిన తీరుకుగాను అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

మన దేశంలో మాత్రం ఆశలకు హద్దు ఉంది. క్లచ్ లోపంపై వచ్చిన ఒక వివాదంలో, మారుతి కంపెనీ వారంటీ లోపమున్న భాగాన్ని మార్చడానికే గాని కారునే మార్చడానికి కాదని సుప్రీంకోర్టు 2006లో తీర్పునిచ్చింది. కాబట్టి కొత్త కారు కోరడం కంటే గేరుబాక్సు మార్పిడి, నష్టపరిహారం కోరడమే వివేకం. తయారీ లోపమని వాదించేవారు నిపుణుడి నివేదికతో దానిని నిరూపించుకోవాలి. ఆ నివేదిక లేకనే ఎన్నో ఫిర్యాదులు వీగిపోయాయి.

అందుచేత మొదటిసారి బండి అప్పగించిన నాడే జాబ్ కార్డు అడిగి తీసుకోవాలి. ఉపాధి హామీ కార్డు కాదు. సర్వీసు సెంటరులో ఫిర్యాదు, తేదీ, కిలోమీటర్లు రాసే కాగితమది. “మామూలు సర్వీసు” అని రాస్తే ఒప్పుకోక, “గేరు పడటం లేదు” అని రాయించాలి. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోగా కేసు వేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి ద్వారా ఇంటినుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. జిల్లా కమిషన్ సొమ్ము చెల్లించమని ఆదేశిస్తే, కంపెనీ అందులో సగం జమచేయకుండా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లలేదు.