హోసూరు విమానాశ్రయము: నోటీసు ఏ భాషలో వచ్చును?

2024 జూన్ 27వ తేదీన తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ ఎం. కె. స్టాలిన్ హోసూరులో విమానాశ్రయము నిర్మింతుమని శాసనసభలో ప్రకటించిరి. 2,000 ఎకరముల స్థలము, ఏటికి 3 కోట్ల మంది ప్రయాణికులు అని నాటి లెక్క. పిదప బాగలూరు, బేరిగె ప్రాంతముల పేర్లు వార్తలకెక్కినవి. బెంగళూరు విమానాశ్రయపు ఒప్పందము ననుసరించి మైసూరు, హాసన్ మినహా 150 కిలోమీటర్ల లోపల 2033 వరకు క్రొత్త విమానాశ్రయము రాగూడదన్న నిబంధన కలదు. కావున విమానము దిగుటకు ఇంకను వ్యవధి యున్నది. భూమిని గూర్చిన మాట మాత్రము అప్పుడే మన రచ్చబండలకు వచ్చి కూర్చున్నది.

మేము విమానాశ్రయమునకు విరోధులము కాము. 1970 దశకములో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసిన నాటినుండి హోసూరు ఎట్లు పెరిగినదో మనమెల్లరము చూచినాము. మన గులాబీలు విదేశములకు పోవలెనన్న బెంగళూరు నగరమును దాటి దేవనహళ్ళి వరకు మోసుకొనిపోవలసియున్నది. చెంత విమానాశ్రయమున్న రైతునకు లాభమే. అయితే పూలను మోయుటకు వచ్చు విమానము పూలతోటనే మ్రింగినచో ఆ లాభమెవ్వరిదని అడుగు హక్కు ఆ తోట యజమానికి కలదు. అడుగవలెనన్న ముందు అతనికి విషయము తెలియవలెను గదా!

2013 నాటి భూసేకరణ చట్టము ఈ సంగతిని గుర్తించినది. సామాజిక ప్రభావ నిర్ధారణ ప్రకటనను స్థానిక భాషలో పంచాయతీకి అందజేయవలెనని, నివేదికను సైతము స్థానిక భాషలో ప్రకటింపవలెనని అందు విధించిరి. రాష్ట్ర భాషయని గాక స్థానిక భాషయని ఆ చట్టము పలుకుచున్నది. హోసూరు చుట్టుపట్ల పల్లెలలో ఇంటింట వినబడు భాష ఏది? తెలుగు, కొన్నియెడల కన్నడము. ఇది సందేహమునకు తావు లేని సంగతి.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 2022లో ప్రకటింపబడిన పరందూరు విమానాశ్రయమునకు ప్రభుత్వము 2013 చట్టమును విడిచి, రాష్ట్రమువారి 1997 నాటి పారిశ్రామిక భూసేకరణ చట్టము క్రింద భూములు తీసికొన బూనినది. ఆ దారిలో పరిహారపు లెక్కలు 2013 చట్టమువే. సామాజిక ప్రభావ నిర్ధారణ మాత్రము ఉండదు. దానితో పాటు స్థానిక భాషానిబంధనయు జారిపోవును. ఏకనాపురము గ్రామస్థులు సంవత్సరముల తరబడి నిరసన దీక్షలు సాగించుట అందరెరిగినదే. వారికి కనీసము నోటీసు తమ తల్లిభాషలోనే వచ్చినది. మన బేరిగె రైతునకు ఆ పాటి భాగ్యమైనను ఉండునా?

“మీ పిల్లలు బడిలో తమిళము నేర్చినారు గదా, వారిచే చదివించుకొనుడు” అని కొందరు సెలవిచ్చుచున్నారు. పట్టా తాత పేరనున్నది, చదువు మనుమనిది. వ్రేలిముద్ర వేయవలసినవాడు తానే ఆ పత్రమును విని గ్రహింపవలదా? పైగా తమిళ లిపిలో క, గ లకు ఒక్కటే అక్షరము. త, ద లకును అంతే. గంగప్ప యన్న పేరు తమిళములో వ్రాసి తిరిగి చదివినచో కంగప్ప యగును. పట్టాలో ఒక రూపు, ఆధార్‌లో ఒక రూపు, బ్యాంకు పుస్తకములో మరియొక రూపు ఉన్న ముదుసలి, ఆ మూడును తానేయని నిరూపించుకొనుటకు ఎన్ని కచేరీల మెట్లెక్కవలెను? భాష విషయము కూడు పెట్టదని ఈసడించువారు ఈ లెక్కను ఒకమారు వేసి చూతురు గాక.

మేము దయాభిక్ష కోరుటలేదు. సంఘ సమాఖ్యలోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను పౌరుడు విన్నపము చేసికొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. జిల్లాలో గాని తాలూకాలో గాని 15 శాతము మంది మాటాడు భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వెలువడవలెనన్నది భాషాల్పసంఖ్యాకులకు అంగీకరింపబడిన రక్షణ. 1956లో సరిహద్దు గీతలు గీసిన పెద్దలు, గీతకు ఈవల మిగిలినవారికి ఇచ్చిన మాటలివి.

కావున మా కోరికలు మూడు. భూసేకరణకు సంబంధించిన ప్రతి నోటీసును తమిళముతో పాటు తెలుగు, కన్నడములలో ప్రకటించి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఏ చట్టము క్రింద సేకరించినను సామాజిక ప్రభావ నిర్ధారణ జరిపి తీరవలెను; చెరువులు, వాటి కాలువలు అందు చేరవలెను. పేర్ల తేడాలను సరిదిద్దుటకు పరిహారము నిర్ణయించుటకు ముందే గ్రామములోనే శిబిరములు పెట్టవలెను.

“ఇప్పుడు నోరెత్తిన అధికారులకు కోపము వచ్చును” అను పెద్దలు మనలోనే కలరు. అయ్యా, అధికారి కోపము ఆరునెలలలో చల్లారును. పోయిన పొలము తిరిగి రాదు. ప్రతి పల్లెలోని మన సోదరులు ఈ వారమే పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకము ప్రక్కప్రక్కన పెట్టుకొని పేర్లు సరిచూచుకొనవలెను. చదువ నేర్చిన యువకులు ఇల్లిల్లు తిరిగి తోడ్పడవలెను. విన్నపములు తెలుగులోనే వ్రాసి, నకలు దగ్గర ఉంచుకొని, కలెక్టరు కార్యాలయమున రసీదు పొందవలెను. తెలుగులో వ్రాసినదని కాగితమును త్రిప్పి పంపు అధికారము ఎవ్వరికిని లేదు.